బెండు మీద చూపు: గోస్తని ఒడ్డున ఓర్పు సాధన

ఓర్పును వ్యక్తిత్వ వికాస గ్రంథాలు చాలావరకు స్వభావానికి సంబంధించిన సుగుణంగానే వర్ణిస్తూ వచ్చాయి. అది కొందరికి పుట్టుకతో అబ్బుతుందనీ, అబ్బనివారు మనసును బిగబట్టి అలవరచుకోవాలనీ చెప్పి ఊరుకున్నాయి. గాలం వేసి చేపలు పట్టే విద్యను దగ్గరగా పరిశీలించినవారికి ఈ వర్ణన చాలదని తెలిసిపోతుంది. మూడు గంటలపాటు బెండు వైపు చూస్తూ కదలకుండా కూర్చున్న మనిషిని గట్టు మీద పోయేవారు ఓపికమంతుడని మెచ్చుకుంటారు గాని, ఆ మూడు గంటలూ చేప లేని చోట, చేప మేతకు రాని వేళ, అడుగుకు దిగని ఎరతో గడిచాయా అని ఎవరూ అడగరు. అలా గడిచినదానికి కాలక్షేపమనే పేరే తగినది. నీటి కింద ఏం జరుగుతోందో కొంతైనా ఊహించగలవాడికి నిరీక్షణ బరువుగా ఉండదు, ఊహ అందనివాడికి పది నిమిషాలే యుగమవుతాయి; కాబట్టి ఓర్పులో అధిక భాగం పరిజ్ఞానమేననీ, పరిజ్ఞానం గనుక దానిని పాఠంలాగా నేర్వవచ్చుననీ ఈ అధ్యాయం ప్రతిపాదిస్తుంది.

విశాఖపట్నం వంటి నగరానికి ఈ పాఠం అవసరం మరికొంత ఎక్కువ. ఓడరేవు 1933లో తెరుచుకున్ననాటి నుంచి, ఉక్కు కర్మాగారం వచ్చాక ఇంకా గట్టిగా, ఈ ఊరి జీవితం గంటల లెక్క మీద, ఎ, బి, సి షిఫ్టుల మీద నడుస్తోంది. ఆ కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేస్ అంటే ఇనుప ఖనిజాన్ని కోక్‌తో కలిపి కరిగించి ద్రవ ఇనుమును తీసే కొలిమి. ఒకసారి రాజేసిన తరువాత అది ఏళ్ల తరబడి పగలూ రాత్రీ ఆరకుండా మండాలి. విశాఖ ఉక్కు తన మొదటి కొలిమికి గోదావరి అని, రెండో దానికి కృష్ణ అని పేర్లు పెట్టుకోవడం విచిత్రమే, ఎందుకంటే నిజమైన నదులు ఒక్క నెలైనా ఒకే తీరున ప్రవహించవు, ఈ కొలుములకు మాత్రం వానాకాలమూ వేసవీ ఒకటే. అటువంటి కాలమానానికి అలవాటుపడిన శరీరం సెలవు రోజున నది ఒడ్డుకు వెళ్లినా అదే లెక్క తీస్తుంది: ఇన్ని గంటలు పెట్టాము గనుక ఇన్ని చేపలు పడాలి. నీరు ఈ లెక్కను ఒప్పుకోదు.

గాలపు విద్యను ధ్యానంతో సమానంగా చూసే సంప్రదాయం ఇంగ్లండులో పాతది. ఐజాక్ వాల్టన్ 1653లో ప్రచురించిన గాలపు వేట గ్రంథం తన ఉపశీర్షికలోనే ఆ క్రీడను ఆలోచనాపరుడి వినోదమని పేర్కొంది. ఆ సంప్రదాయంలో శిఖరప్రాయమైనది ట్రౌట్ అనే చేపను ఈగ గాలంతో పట్టడం. ఈగ గాలమంటే నీటిపై వాలే పురుగును పోలేటట్టు ఈకలూ దారాలూ చుట్టి కట్టిన బరువులేని కొక్కెం, దాన్ని దూరానికి విసిరేది దాని బరువు కాదు, దానికి కట్టిన లావుపాటి దారపు బరువు. బ్రిటిష్ పాలనా కాలంలో ఈ చేపను కశ్మీరు వాగుల్లోకీ నీలగిరుల్లోకీ తెచ్చి వదిలారు, అది అక్కడ నిలదొక్కుకుంది. తూర్పు కనుమల్లో నిలదొక్కుకోదు. నీరు చల్లబడిన కొద్దీ దానిలో కరిగే ఆక్సిజన్ పెరుగుతుంది. 10 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల వరకు కరిగేది 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరకు పడిపోతుంది, ట్రౌట్‌కు అది ఊపిరాడని నీరు. అరకు, అనంతగిరి ప్రాంతాలు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండి పుష్యమాసపు తెల్లవారుజామున వణికించినప్పటికీ వైశాఖంలో అక్కడి వాగు వేడెక్కకుండా ఉండదు. అయితే ట్రౌట్ వేటగాళ్లు కనిపెట్టుకున్న సూత్రాలలో చేపతో నిమిత్తం లేకుండా ప్రవాహానికే వర్తించేవి కొన్ని ఉన్నాయి, వాటిని గోస్తనికి అన్వయించడంలో తప్పు లేదు.

గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల సున్నపురాతి పొరల గుండా సాగి, విశాఖ నగరానికి తాగునీరందించే తాటిపూడి జలాశయంలో కాసేపు ఆగి, పద్మనాభం మీదుగా మైదానంలోకి దిగి, మొత్తం సుమారు 120 కిలోమీటర్ల నడక తరువాత భీమునిపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. అంటే కొండవాగు, జలాశయం, చెరువుల కింద పారే పల్లపు ఏరు, ఉప్పునీటి మొగ అనే నాలుగు వేర్వేరు నీళ్లు ఒకే పేరు కింద ఒక్కరోజు ప్రయాణంలో దొరుకుతాయి. సాధకుడు మొదటి ఏడాది వీటిలో ఒక్కదాన్నే ఎంచుకుని పదే పదే అక్కడికే వెళ్లడం మంచిది. జలాశయాల్లో చేపల హక్కులు మత్స్యశాఖ లైసెన్సులకూ మత్స్యకార సహకార సంఘాలకూ లోబడి ఉంటాయి కనుక అక్కడ గాలం వేయదలచినవారు ముందుగా అనుమతి సంగతి తేల్చుకోవాలి. ఓడరేవు, నౌకాదళాల పరిధిలోని నీళ్ల జోలికి పోనేకూడదు. పరిశ్రమల మురుగు కలిసే కాలువల దగ్గర పడిన చేపను ఇంటికి తీసుకువెళ్లకపోవడం కూడా ఇక్కడే చెప్పుకోవలసిన మాట.

సరంజామా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, అంగడివాళ్లు చెప్పవలసినదానికన్నా ఎక్కువే చెబుతారు. కర్ర, నైలాన్ దారం, కొక్కెం, దారాన్ని కిందికి లాగే సీసపు గుండు, నీటిపై తేలి కబురు చెప్పే బెండు, ఎర: ఇంతే. వెదురు కర్రతో మొదలుపెట్టినవారికి నష్టమేమీ లేదు. ముడి మాత్రం శ్రద్ధగా నేర్వాలి. కొక్కెపు కంట్లో నుంచి దారం దూర్చి, అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, కొసను మొదటి సందులోకి తెచ్చి బిగించేముందు ముడిని నోటితో తడపాలి. పొడి నైలాన్‌ను ఒక్క లాగుతో బిగిస్తే రాపిడికి పుట్టిన వేడి దారాన్ని అక్కడే బలహీనపరుస్తుంది, పెద్ద చేప తగిలిన రోజున సరిగ్గా అక్కడే తెగుతుంది. తెగిన కొసను వేలి మీద పెట్టి చూస్తే అది పంది తోకలాగా ముడుచుకుని ఉంటే ముడి జారిందని అర్థం, తిన్నగా తెగి ఉంటే దారమే ఆగలేదని అర్థం. దురదృష్టమని సరిపెట్టుకోవలసిన సంఘటన ఆ కొసను చూసిన క్షణం నుంచి సమాచారంగా మారుతుంది, ఈ అధ్యాయం చెప్పదలచిన సాధన యావత్తూ అటువంటి మార్పు మీదనే ఆధారపడి ఉంది.

బెండును చదవడం కూడా అలాంటిదే. పక్కెల వంటి చిన్న చేపలు ఎర అంచులను కొరుకుతున్నప్పుడు బెండు సన్నగా వణుకుతుంది గాని మునగదు. కొత్తవారు ఆ వణుకుకే కర్ర ఎత్తి ఎరను పోగొట్టుకుంటారు. అడుగున మేసే చేప ఎరను నోట పట్టి పైకి లేచినప్పుడు సీసపు గుండు బరువు చేప మీద పడి, అప్పటిదాకా నిలువుగా ఉన్న బెండు ఉన్నట్టుండి పక్కకు వాలి నీటి మీద పడుకుంటుంది. బెండు మునగడమే గుర్తని నమ్మినవాడు ఈ క్షణాన్ని వదిలేస్తాడు. ఇవి తెలిసినవాడికి గంటసేపు చూడటం కష్టం కాదు, ఎందుకంటే ఆ గంటలో చూడవలసింది చాలా ఉంటుంది.

ఇక ఋతువుల సంగతి. జూన్‌లో నైరుతి వానలు మొదలయ్యాక అనంతగిరి ఎర్రమట్టి కలిసి గోస్తని కుంకుడురసం రంగు తేలుతుంది, చూపుతో వేటాడే చేపకు ఆ నీటిలో ఎర కనబడదు, కనుక వానపాము వంటి వాసనగల ఎరలే పనిచేస్తాయి. తెలుగులో వానపాముకు ఎర్ర అనే పేరు ఉండటం, అది కొక్కేనికెక్కితే ఎర కావడం భాష చేసిన చిన్న వేళాకోళం. వరద పొంగుతున్నంతసేపూ చేప మేత మానుకుని ఒడ్డు పక్క నిదాన నీటిలో తలదాచుకుంటుంది, పొంగు తగ్గుముఖం పట్టిన తరువాతనే కదులుతుంది. పొంగు మీద ఉన్న కొండవాగులో దిగడం మనిషికీ ప్రాణాంతకమే.

ఈ ఋతువులో సాధకుడి నిగ్రహానికి అసలైన పరీక్ష పల్లపు ఏరులోనూ దాని కింది చెరువుల్లోనూ ఎదురవుతుంది. కొరమీను వానలకు గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి వచ్చిన కొత్తలో నారింజ ఎరుపులో మెరుస్తూ వందలుగా ఒకే ముద్దలాగా నీటి పైపొరలో తిరుగుతాయి, గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చినప్పుడల్లా వాన చినుకులు పడ్డట్టు నీరు చిటపటలాడుతుంది. ఆ ముద్దకు కొద్దిగా కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తూ ఉంటాయి. మామూలు రోజుల్లో గడ్డి మధ్య నుంచి బయటికి రాకుండా సతాయించే ఈ జాతి, పిల్లల వద్దకు ఏది వచ్చినా మింగడానికి కాకపోయినా తరమడానికైనా నోరు తెరుస్తుంది. కాబట్టి ముద్ద మధ్యలోకి బతికున్న కప్పను కట్టి విసిరితే కొరమీను దాదాపు తప్పకుండా పడుతుంది, ఆ సాయంత్రానికే కావలి లేని పిల్లలు పాములకూ కొంగలకూ ఇతర చేపలకూ మేతవుతాయి. పట్టడం ఇంత సులువుగా ఉన్న చోట గాలాన్ని చుట్టి పెట్టుకోవడమే నేర్పు. గంటలకొద్దీ కూర్చునే ఓపిక ఉన్నవారు కూడా ఈ చోట నిలవలేకపోవడం తరచు కనబడుతుంది, ఎందుకంటే వారిని కూర్చోబెట్టింది చేప మీద ఆశే గాని చేపను గురించిన తెలివిడి కాదు. మృగశిర కార్తె నాడు చేప తినాలనే ఆచారం తెలంగాణలో బలంగా ఉంది. అదే సమయంలో మంచినీటి చేపల్లో చాలావాటి కడుపు గుడ్లతో నిండుతూ ఉంటుందనేది ఆచారాన్ని తప్పుపట్టకుండానే గుర్తుంచుకోదగిన సంగతి.

కార్తీకంలో నీరు తేరుకుంటుంది. చాలా ఇళ్లలో నీచు మానేసే నెల అది, బజారులో చేప ధర దిగుతుంది, ఒడ్డున జనం పలచబడతారు. అయితే అక్టోబరు, నవంబరులే తుపానుల నెలలు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన తీరు ఈ ఊరు మరిచిపోయేది కాదు. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, అలల ఎత్తుపై వెలువరించే హెచ్చరికలు చూడకుండా మొగ దగ్గరికి గాని యారాడ, తెన్నేటి పార్కు రాళ్ల మీదికి గాని వెళ్లడం ధైర్యం కింద లెక్కకు రాదు. పచ్చటి పాచి పట్టిన రాయి తడిగా ఉన్నంత మేరకు అల ఈమధ్యనే వచ్చిపోయిందని గ్రహించి, ఆ గీతకు ఎగువనే నిలబడాలి.

మొగ దగ్గర గాలం వేసేవారు ఋతువుతోపాటు ఆటుపోట్లను కూడా చదవాలి. విశాఖ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. సముద్రం ఎక్కేది పోటు, తగ్గేది పాటు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఎక్కడానికీ తగ్గడానికీ మధ్య తేడా దాదాపు ఒకటిన్నర మీటరు ఉంటుంది, అష్టమి ప్రాంతాల్లో అర మీటరుకు పడిపోతుంది. భారత సర్వేక్షణ సంస్థ ఏటా ప్రచురించే పట్టికల్లో విశాఖపట్నం రేవు వేళలు నిమిషాలతో సహా దొరుకుతాయి గాని, అవి చేతిలో లేనివారికి గోడ మీది పంచాంగపు క్యాలెండరు చాలు. ఏదైనా ఒక అమావాస్య నాడు తాను ఎంచుకున్న చోట పోటు నిండిన వేళను గడియారం చూసి రాసుకుంటే, ఆ చోట ప్రతి అమావాస్యకూ పౌర్ణమికీ పోటు దాదాపు అదే వేళకు నిండుతుంది, అక్కడి నుంచి తిథి మారిన కొద్దీ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. షిఫ్టు ఉద్యోగికి ఈ ఒక్క సూత్రం నెల మొత్తానికి వేళల పట్టికను ఇస్తుంది: ఏ సెలవు రోజు వెళ్లాలో, ఏ రోజు ఇంట్లో నిద్రపోవాలో అది చెబుతుంది.

పాటు మొదలైన తొలి గంట ముఖ్యమైనది. లోపలి కయ్యల్లో మేస్తున్న రొయ్యపిల్లలూ చిన్న చేపలూ దిగజారే నీటితోపాటు బయటికి వస్తాయి, వాటి కోసం పండుగప్ప ప్రవాహంలో నిలవకుండా రాయి చాటునో ఇసుక మేట అంచు వెనుకనో, వేగపు నీరూ నిదాన నీరూ రాసుకునే గీత దగ్గర పొంచి ఉంటుంది. ఎరను చేప ఉన్న చోటికి నేరుగా విసిరితే అది బెదురుతుంది. ఎగువన వేసి, ప్రవాహమే దాన్ని ఆ గీత వెంట తెచ్చేటట్టు వదలాలి, దారం బిగుసుకుని ఎర నీటికి అడ్డంగా ఈడ్చుకుపోతే తెలివైన చేప నమ్మదు. ట్రౌట్ వేటగాళ్లు శతాబ్దాలుగా నూరిపోసే మొదటి పాఠం ఇదే, అది వేరే చేపకు వేరే ఉప్పుతో ఇక్కడా పనికివస్తుంది. పండుగప్పలు ముందు మగవిగా పెరిగి, కొన్నేళ్లకు పరిమాణం పెరిగాక ఆడవిగా మారతాయి కనుక, ఫొటోకు నిండుగా వచ్చే పెద్ద చేపే గుడ్లు పెట్టవలసిన చేప. దాన్ని తడి చేతులతో పట్టి, తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, మొప్పలు తమంతట తాము ఆడేదాకా ఆగి వదిలిపెట్టడం బాగా తెలిసినవారు చేసే పని.

చలికాలంలో కొండవాగు అద్దంలాగా తేరుతుంది, మనిషి నీడ చేపకు చేరేది కూడా అప్పుడే. ప్రవాహంలోని చేప మేత కొట్టుకువచ్చే దిక్కుకు, అంటే ఎగువకు తల పెట్టి నిలుస్తుంది, అందువల్ల దిగువ నుంచి ఎగువకు నడిచినవాడు దాని వెనుక నుంచి వచ్చినట్టవుతుంది. సన్నని దారం, చిన్న కొక్కెం, నేల అదరని అడుగు. అంతకుమించి ఈ ఋతువు కోరేదేమీ లేదు.

ఏ ఋతువులోనైనా నోటుబుక్కు తప్పనిసరి. తేదీ, తిథి, గాలి దిక్కు, నీటి రంగు, ఎర, లోతు, ఎన్ని గంటలకు ఏం జరిగింది అనేవి రాయాలి, ఏమీ పడని రోజున ఇంకా వివరంగా రాయాలి. మనిషి జ్ఞాపకం పడిన చేపలనే దాచుకుంటుంది, అందుకే ఇరవై ఏళ్లుగా ఒకే గట్టున కూర్చున్నవారు సైతం ఫలానా ఎరకు తిరుగులేదని చెబుతారు గాని, ఆ ఎర విఫలమైన రోజులు వారి లెక్కలో ఉండవు. పదిహేను ఖాళీ రోజుల వివరాలు పక్కపక్కన చేరితే వాటిలో ఏదో ఒక పోలిక, తూర్పుగాలో అష్టమి పాటో, బయటపడటం మొదలవుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950లలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు తీరంలో లోతు నీరు పైకి ఉబికి రావడాన్ని గుర్తించినది కూడా నీటి ఉష్ణోగ్రతలనూ లవణీయతనూ విడవకుండా కొలిచి రాయడం వల్లనే. గాలపువాడి పుస్తకం అంత గొప్పది కానక్కరలేదు గాని జాతి ఒకటే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమంతటా మరపడవల వేటపై నిషేధం ఉంటుంది, విశాఖ చేపల రేవులో పడవలు వరుసగా కట్టేసి కనబడతాయి. అవి ఖాళీ రోజులు కావు. వలలు అల్లేది, పడవల అడుగు గీకి రంగులు వేసేది, ఇంజన్లు విప్పేది అప్పుడే. ఒడ్డు మీది గాలానికి ఆ నిషేధం వర్తించకపోయినా గోస్తని ఎగువన ప్రకృతి తనదైన నిషేధం పెడుతుంది: వాగు ఎండి విడివిడి మడుగులుగా మిగులుతుంది, వచ్చే ఏడాదికి విత్తనమయ్యే చేపలన్నీ వాటిలో ఇరుక్కుంటాయి. మడుగులో మందు కలపడం, తూటా పేల్చడం 1897 నాటి మత్స్య చట్టం ప్రకారమే నేరం. గాలం నేరం కాదు గాని ఆ రెండు నెలలూ మడుగులను వదిలేయడం ఉచితం.

ఈ రోజుల్లో సాధకుడు కర్ర ఇంట్లో పెట్టి, పొద్దెక్కకముందే ఎండిన ఏటిలోకి దిగి నడవాలి. వానాకాలమంతా ఊహించుకున్న అడుగు ఇప్పుడు కంటికి కనబడుతుంది: శ్రావణంలో బెండు ఎప్పుడూ తిరుగుతూ ఉండిన చోట ఒక ఏనుగంత బండ, దాని దిగువన నీరు తొలిచిన నడుములోతు గుంట, తన ఎర పదే పదే చిక్కుకున్న చోట ఒక మద్ది చెట్టు వేళ్లు, వాటిలో తుప్పుపట్టిన తన కొక్కేలే రెండు. అడుగులతో దూరాలు కొలిచి, ఒడ్డున కదలని గుర్తులను, ఒక తాటిచెట్టును గాని వంతెన స్తంభాన్ని గాని, ఆధారం చేసుకుని ఇవన్నీ పటంగా గీసుకోవాలి. మొదటి వరద వచ్చిన రోజున బండ, గుంట, వేళ్లు అన్నీ ఎర్రనీటి కింద కనుమరుగవుతాయి, కొత్తగా వచ్చినవాడికి ఆ ఏరు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒకేలా కనబడుతుంది. పటం ఉన్నవాడు తాటిచెట్టుకు పన్నెండు అడుగుల దిగువన నిలబడి, బెండును గుంట లోతుకు సరిచేసుకుంటూ ఉంటాడు.